కోలారు జిల్లాలో కరెంటు లెక్క, పెట్రోలు లెక్క: 1902 నుంచి ఇప్పటిదాకా

మన బంధువుల్లో ఈ మధ్య కారు కొనాలనుకునే ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ. పెట్రోలు కారా, కరెంటు కారా? ముందైతే షోరూముకి పోతే అడిగేది ఒకే ప్రశ్న: "ఎంత మైలేజి ఇస్తాది?" ఇప్పుడు దానికి ఇంకో నాలుగు చేరినాయి. చార్జింగ్ ఎక్కడ? బ్యాటరీ ఎన్నేండ్లు వస్తుంది? తిరుపతికి ఒక్క చార్జింగుతో పోగలమా? కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

మాలూరులో కూర్చొని ఈ మాటలు వింటూ ఉంటే నాకు ఒక సంగతి తోచింది. మంట పెట్టి తిప్పే యంత్రం మేలా, కరెంటుతో తిప్పేది మేలా అనే లెక్క మన జిల్లాకి కొత్త కాదు. సుమారు 125 ఏండ్ల ముందే మనకు దగ్గర్లోని కోలారు బంగారు గనుల్లో ఈ లెక్క పెద్ద ఎత్తున వేసినారు. రాష్ట్రం ఖజానా పెట్టి మరీ వేసినారు. ఆ లెక్క ఎట్లా తేలిందో తెలిస్తే మన ఇంటి లెక్క సులభమవుతుంది. అందుకే ఈ వ్యాసం.

కట్టెలతో నడిచిన గనులు

1880ల్లో జాన్ టేలర్ అండ్ సన్స్ వాళ్లు కోలారు గనులను చేతికి తీసుకున్నాక పని జోరందుకుంది. మన చిత్తూరు వైపు నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి వేలమంది కూలికి వచ్చినారు. ఈ జిల్లాలో గనుల చుట్టూ ఇన్ని తెలుగు, తమిళ కుటుంబాలు ఉండటానికి కారణం అదే. బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారపేట నుంచి గనులకి 1894లో రైలు మార్గం కూడా వేసినారు.

గనిలో మనిషి చేసే పని ఒక ఎత్తు, యంత్రం చేసే పని ఇంకో ఎత్తు. లోపలి నుంచి రాయిని పైకి లాగాలి. ఊరే నీళ్లను తోడి పోయాలి. రాయిని పొడి కొట్టాలి. లోపలికి గాలి పంపాలి. అప్పట్లో ఇవన్నీ ఆవిరి యంత్రాలే చేసేవి. వాటికి కట్టెలు కావాలి, బొగ్గు కావాలి. బొగ్గు రైలెక్కి దూరం నుంచి రావాలి. కట్టెలు చుట్టుపక్కల అడవి నుంచి రావాలి. అసలే వానలు తక్కువ పడే జిల్లా ఇది. గని లోతు పెరిగేకొద్దీ యంత్రం ఎక్కువ తినేది. అడవి దూరం జరిగేకొద్దీ కట్టె ధర పెరిగేది.

అంటే రోజువారీ ఖర్చు ఏటేటా పెరిగే వ్యాపారం అన్నమాట. పెట్రోలు బండి ఉన్న ఎవరికైనా ఇది తెలిసిన బాధే.

ముందే పెట్టిన డబ్బు

కావేరి మీద శివనసముద్రం జలపాతం ఉంది కదా, దాని నుంచి కరెంటు తీసి గనులకి పంపితే ఎట్లా ఉంటుందని మైసూరు సర్కారులో ఆలోచన పుట్టింది. ఇంజినీరు జోలీ డి లోట్‌బినియర్ ఈ పథకాన్ని ముందుకు నడిపినాడు. అప్పటి దివాను సర్ కె. శేషాద్రి అయ్యర్ వెనక నిలబడినాడు. అప్పటికి అమెరికాలో నయాగరా జలపాతం నుంచి బఫెలో నగరానికి కరెంటు పంపడం మొదలై కొన్నేండ్లే అయింది. అక్కడి దూరం సుమారు 40 కిలోమీటర్లే. ఇక్కడ పంపాల్సింది సుమారు 147 కిలోమీటర్లు. ప్రపంచంలో అప్పటికి ఉన్న చాలా పొడవైన లైన్లలో అదొకటి.

కరెంటు యంత్రాలు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ నుంచి వచ్చినాయి, నీటి చక్రాలు స్విట్జర్లాండులోని ఎషర్ వీస్ నుంచి వచ్చినాయి. 1902 జూన్ 30న కరెంటు గనులకి చేరింది. శేషాద్రి అయ్యర్ దాన్ని చూడలేదు. 1901లోనే కాలం చేసినారు. బెంగళూరు వీధిలో కరెంటు దీపం వెలిగింది 1905లో. అంటే మన గనుల తరువాత మూడేండ్లకి. కన్నడ మీడియం స్కూల్లో ఇది మాకు ఒక మార్కు ప్రశ్న. తేదీ రాసేస్తే మార్కు వచ్చేది. ఆ తేదీ వెనక ఉన్న లెక్క మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ లెక్క ఏందంటే, ఇప్పుడు మనం యూనిట్‌కి ఇంత అని కడతాము. గనుల కంపెనీలతో చేసుకున్న ఒప్పందం అట్లా కాదు. ఒక హార్స్‌పవర్‌కి ఏడాదికి ఇంత అని ధర. మొదట్లో రేటు ఎక్కువ, తరువాత ఏండ్లలో తగ్గుతూ పోతుంది. ఆ హార్స్‌పవర్‌ను రోజుకి రెండు గంటలు వాడినా, ఇరవై నాలుగు గంటలూ వాడినా ఇచ్చే డబ్బు అదే.

ఇట్లాంటి ధర ఎవరికి లాభం? రాత్రీ పగలూ నిలపకుండా పని చేసేవాడికి. గని సరిగ్గా అట్లాంటిదే. నీళ్లు తోడే పంపు పండగ అని ఆగదు. రాయి దంచే మిల్లు రాత్రి అని పండుకోదు. ఇరవై నాలుగు గంటలూ తిరిగితే ఒక్కో గంటకి పడే ఖర్చు చాలా తగ్గిపోతుంది. అదే కరెంటును రోజుకి రెండు గంటలు మాత్రం వాడే చిన్న మిల్లుకి ఇచ్చి ఉంటే ఆ మిల్లు దివాలా తీసేది.

సర్కారు వైపు చూసినా ఇదే కత. ఆనకట్ట, కాలువ, యంత్రాలు, తీగ, స్తంభాలు, అన్నిటికీ డబ్బు ముందే పెట్టాలి. పెట్టినాక నీళ్లకి డబ్బు ఇవ్వక్కరలేదు. కావేరి బిల్లు పంపదు. కట్టెల పద్ధతి దీనికి తిరగబడి ఉంటుంది. బాయిలరు చవక, దాని నోట్లో రోజూ వేసేది ఖరీదు.

ఈ ఒక్క తేడాను గుర్తు పెట్టుకోండి. పెట్రోలు కారుకి, కరెంటు కారుకి ఉన్న తేడా కూడా ఇదే. ఒకటి చవగ్గా కొని రోజూ చెల్లించేది. ఇంకొకటి ముందే చెల్లించి రోజూ మిగిల్చుకునేది.

ఇంకో చిన్న సంగతి. శివనసముద్రంలో మొదట పెట్టినవి 720 కిలోవాట్ల యంత్రాలు ఆరు. మొత్తం 4,320 కిలోవాట్లు. ఈ రోజు కొంచెం పెద్ద కరెంటు కారులో మోటారు 100 కిలోవాట్ల దాకా ఉంటుంది. అట్లాంటి కార్లు 43 ఒకేసారి పూర్తి జోరు మీద పోతే ఆనాడు గనులను నడిపిన శక్తి అంతా అక్కడే ఉన్నట్టు. మన వీధుల్లో నిలబడి ఉన్నదేందో ఈ లెక్కతో తెలుస్తుంది.

ఎండాకాలం పాఠం

లెక్కలో ఒక లోటు బయటపడింది. ఎండాకాలంలో కావేరి సన్నబడేది. నీళ్లు తగ్గితే కరెంటు తగ్గేది. గనులేమో ఇంకా కావాలని అడుగుతుండె. ఏడాది పొడవునా నీళ్లు సమంగా వదలాలంటే పైన పెద్ద జలాశయం ఉండాలి. కన్నంబాడి దగ్గర కట్టిన కృష్ణరాజసాగరానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది. మండ్య పొలాలకి నీళ్లు ఎంత ముఖ్యమో, గనులకి కరెంటు అంత ముఖ్యం. పని 1911లో మొదలైంది, పూర్తి కావడానికి ఇరవై ఏండ్లు పట్టింది.

దాన్ని పట్టుబట్టి మొదలుపెట్టించిన చీఫ్ ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య మనవాడే. ఆయన పుట్టిన ముద్దేనహళ్లి ఇప్పుడు చిక్కబళ్లాపురం జిల్లా, 2007కి ముందు మన కోలారు జిల్లా. ఇంటిపేరు మాత్రం ఆంధ్రలోని మోక్షగుండం ఊరిది. ఊరు వదిలి ఎన్నో తరాలైనా ఊరి పేరు వదలని కుటుంబం. ఈ బ్లాగు చదివే మనందరికీ ఆ సంగతి వేరే చెప్పక్కరలేదు.

కరెంటు చవక అనేది ఎప్పుడూ ఒక షరతు మీద ఆధారపడిన మాట. కావాల్సినప్పుడు, కావాల్సిన చోట అది దొరకాలి. దొరకకపోతే దాన్ని దొరికించుకోవడానికి ఇంకా డబ్బు పెట్టాలి. ఆనాడు అది కన్నంబాడి కట్ట. ఈనాడు అది ఇంటి గోడకి పెట్టే చార్జరు, దారిలో ఉండే చార్జింగ్ స్టేషను.

అప్పుడే కరెంటు కార్లు ఎందుకు రాలేదు?

చాలామందికి తెలియనిదేందంటే, సరిగ్గా ఆ రోజుల్లో అమెరికాలో కరెంటు కార్లు మస్తుగా తిరుగుతుండె. 1900 ప్రాంతంలో అక్కడి కార్లలో సుమారు మూడో వంతు కరెంటువే. పొగ లేదు, చప్పుడు లేదు, ముందు నిలబడి హ్యాండిల్ తిప్పే పని లేదు. ఆ హ్యాండిల్ ఎదురు తిరిగి చేతులు విరగ్గొట్టుకున్నవాళ్లు ఎందరో ఉండె.

తరువాత మూడు జరిగినాయి. 1901లో టెక్సాస్‌లో పెద్ద ఎత్తున చమురు పడింది. 1908లో ఫోర్డ్ మోడల్ టీ వచ్చి కారు ధరను కిందికి లాగింది. 1912లో క్యాడిలాక్ కారుకి సెల్ఫ్ స్టార్టర్ పెట్టినారు, హ్యాండిల్ బాధ పోయింది. అదే 1912లో కరెంటు కారు ధర 1,750 డాలర్ల దాకా ఉంటే పెట్రోలు కారు 650 డాలర్లకి వస్తుండె. నడిపే ఖర్చు సంగతి పక్కన పెట్టండి, కొనేటప్పుడే మనిషి ఆగిపోయినాడు.

మన వైపు అయితే ఆ పోటీ మొదలే కాలేదు. కారణం చాలా మామూలుది. పెట్రోలును డబ్బాలో పోసి ఎడ్లబండి మీద ఏ ఊరికైనా తీసుకుపోవచ్చు. కరెంటుకి స్తంభాలు కావాలి. శివనసముద్రం నుంచి గనులకి పోయిన తీగ కింద ఉన్న పల్లెలు చాలా దశాబ్దాలు దీపపు బుడ్లతోనే బతికినాయి. నెత్తిమీద వేల వోల్టులు, ఇంట్లో కిరసనాయిలు. మన పెద్దవాళ్లు చెప్పే పాత రోజుల్లో ఇదొకటి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు పెట్రోలుకి రేషను పెట్టినారు. అప్పుడు దేశమంతా బస్సుల వెనక పెద్ద పీపాలాంటి కొలిమి బిగించి, బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో నడిపినారు. మా ఇంట్లో పెద్దవాళ్లు వాటిని "బొగ్గు బస్సు" అనే అంటుండె. బయలుదేరే ముందు కొలిమి రాజుకోవాలి, చక్రం లాంటిది తిప్పి గాలి కొట్టాలి. ఎత్తు వస్తే బండి మూలుగుతుంది, కొన్నిసార్లు జనం దిగి నడవాల్సి వస్తుంది. ఖర్చు లెక్కలో బొగ్గు చవకే. అయితే కాలం, ఓపిక, మసి, వీటికి ధర కట్టలేదు. యుద్ధం అయిపోయి పెట్రోలు దొరకడం మొదలు కాగానే ఒక్కరూ ఆ కొలిమిని ఉంచుకోలేదు.

తరువాత 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపినప్పుడు పీపా 3 డాలర్ల దగ్గర ఉన్న ముడి చమురు కొద్ది నెలల్లో 12 డాలర్ల దగ్గరికి పోయింది. 2010లో మన దేశంలో పెట్రోలు ధర మీద సర్కారు పట్టు వదిలింది. 2017 జూన్ నుంచి ధర రోజూ మారే పద్ధతి వచ్చింది. 2021లో బెంగళూరులో లీటరు 100 దాటింది. 2025లో 103 దగ్గర ఉండె. అందులో మూడో వంతుకి పైగా పన్నులే.

2001: ఒకటి మూతపడింది, ఒకటి తెరుచుకుంది

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడినాయి. బంగారం తీసే ఖర్చు బంగారం ధరను ఎప్పుడో దాటేసింది. గని మూడు కిలోమీటర్లకి పైగా లోతుకి పోయింది. అంత లోతు నుంచి రాయి లాగాలన్నా, ఆ వేడిలో మనిషి పనిచేసేలా గాలి చల్లబరచాలన్నా ఎంత చవక కరెంటైనా చాలదు. రోజువారీ ఖర్చు వంద ఏండ్లకి మళ్లీ గెలిచింది.

అదే 2001లో, గనులకి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, బెంగళూరు బొమ్మసంద్రలో తయారైన రేవా అమ్మకానికి వచ్చింది. మన దేశంలో ఊరికే ప్రదర్శనకి కాకుండా మామూలు మనుషులు కొని తిప్పుకున్న మొదటి కరెంటు కారు అదే అనవచ్చు. చేతన్ మైని దాని వెనక ఉన్న మనిషి. రెండు తలుపులు, ఇద్దరు పెద్దలు, వెనక ఇద్దరు పిల్లలు. ఒక చార్జింగుకి 80 కిలోమీటర్లు. ఇంట్లో మామూలు ప్లగ్గుకి పెడితే చాలు. కిలోమీటరుకి పైసల్లో ఖర్చు.

ఇంత చవక అయినా ఎందుకు పోలేదు? అందులో ఉన్నది లెడ్ యాసిడ్ బ్యాటరీ, అంటే మన ఇండ్లలో యూపీఎస్ కింద పెట్టేలాంటిదే. కొన్నేండ్లకి నీరసపడుతుంది. మార్చాలంటే ఒక్కసారిగా పెద్ద మొత్తం. రోజూ మిగిల్చింది అంతా బ్యాటరీ మార్చే రోజు లాక్కుపోయేది. లండన్‌లో దాన్ని జీ-విజ్ అనే పేరుతో కొన్నారు. అక్కడ ఊరి మధ్యలోకి వచ్చే బండ్లకి రోజూ సుంకం ఉంది, కరెంటు కార్లకి మాఫీ చేసినారు. అందుకని రోజూ ఊరి మధ్యకి పోయేవాడికి లెక్క కుదిరింది. ఇక్కడ కుదరలేదు. 2010లో మహీంద్రా వాళ్లు ఆ కంపెనీలో పెద్ద వాటా కొన్నారు. 2013లో లిథియం బ్యాటరీతో ఈ2ఓ తెచ్చినారు. ఇప్పుడు మనం చూసే కార్లన్నీ ఆ దారిలో వచ్చినవే.

గనులు మూసినాక కేజీఎఫ్ నుంచి వేలమంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకి పనికి పోవడం మొదలైంది. మాలూరు స్టేషన్లో నిలబడితే ఆ రైలు నిండా వాళ్లే. రాష్ట్రంలో మొదట కరెంటు చూసిన ఊరి పిల్లలు ఇప్పుడు రోజుకి 200 కిలోమీటర్లు పోయి వస్తున్నారు. వాళ్లకి ప్రయాణం ఖర్చు అంటే పేపర్లో చదివే వార్త కాదు, జీతంలో ఎంత ఇంటికి చేరుతుందనేది దానిమీదే ఉంది.

ఇప్పుడు మాలూరు లెక్క

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో ఒక అలవాటు ఉంటుంది. ఒక్క అంకె పెట్టి "బాగుంది" అని ఒప్పుకోము. అన్ని అంకెలనూ ఒక్కొక్కటిగా మార్చి చూస్తాము. కారు లెక్క కూడా అట్లాగే చేయాలి.

ముందు అందరికీ వర్తించే అంకెలు. పెట్రోలు లీటరు 103 రూపాయలు అనుకుందాం. మామూలు చిన్న కారు మన రోడ్ల మీద లీటరుకి 16 కిలోమీటర్లు అనుకుందాం. కిలోమీటరుకి 6 రూపాయల 44 పైసలు. కరెంటు కారు మీటరులో తిరిగిన ఒక్కో యూనిట్‌కి 7 కిలోమీటర్లు అనుకుందాం. చార్జింగులో కొంత కరెంటు వేడిగా పోతుంది, అది కూడా కలిపే ఈ 7. ఇంటి కరెంటు పన్నులతో కలిపి యూనిట్ 7 రూపాయలు వేసుకుంటే కిలోమీటరుకి ఒక రూపాయి. తేడా 5 రూపాయల 44 పైసలు. అదే దారిలో ఫాస్ట్ చార్జరు దగ్గర యూనిట్‌కి 22 రూపాయలు ఇస్తే కిలోమీటరుకి 3 రూపాయలు దాటుతుంది. అప్పుడు తేడా 3 రూపాయల 30 పైసలకి పడిపోతుంది.

కొనేటప్పుడు కరెంటు కారుకి 3 లక్షలు ఎక్కువ పెట్టాలి అనుకుందాం. కారును బట్టి ఇది తగ్గొచ్చు, పెరగొచ్చు. 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్ల జీఎస్‌టీ 18 శాతానికి తగ్గింది. కరెంటు కార్లకి 2019 నుంచి 5 శాతమే. కాబట్టి రెండింటి మధ్య తేడా ముందుకన్నా పెట్రోలు వైపు కొంచెం మొగ్గింది.

ఇప్పుడు మూడు ఇండ్లు చూద్దాం.

మొదటి ఇల్లు: మాలూరు నుంచి వైట్‌ఫీల్డ్ వైపు రోజూ ఆఫీసుకి పోయేవాళ్లు. అన్నీ కలిపి నెలకి 1,500 కిలోమీటర్లు. పెట్రోలుకి 9,660 రూపాయలు. ఇంటి కరెంటుకి 1,500. నెలకి 8,000 పైగా మిగులు. 3 లక్షలు మూడేండ్లలో తిరిగి వస్తాయి. కాడుగోడి ట్రాఫిక్కులో నిలబడినప్పుడు పెట్రోలు ఇంజను ఊరికే తాగుతుంది, కరెంటు మోటారు ఊరికే ఉంటుంది. కాబట్టి నిజమైన తేడా ఇంకొంచెం ఎక్కువే.

రెండో ఇల్లు: పెద్దవాళ్లు ఉన్న ఇల్లు. సంతకి, ఆస్పత్రికి, పెండ్లిండ్లకి. నెలకి 300 కిలోమీటర్లు. పెట్రోలు 1,930, కరెంటు 300. మిగులు 1,630. ఆ లెక్కన 3 లక్షలు రావడానికి 15 ఏండ్లు. బ్యాటరీ గ్యారంటీ మామూలుగా 8 ఏండ్లు. పైగా ఆ 3 లక్షలను 9 శాతం వడ్డీకి అప్పు తెస్తే నెలకి వడ్డీయే 2,250. మిగిలేదానికన్నా వడ్డీ ఎక్కువ. ఆ డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు.

మూడో ఇల్లు: ట్యాక్సీ నడిపేవాళ్లు. నెలకి 4,000 కిలోమీటర్లు, సగం ఇంట్లో చార్జింగు, సగం బయట. కిలోమీటరుకి సగటున 2 రూపాయల చిల్లర. నెలకి 17,000 పైగా మిగులు. ఒకటిన్నర ఏడాదిలో 3 లక్షలు చేతికి వస్తాయి.

కారు ఒకటే, కరెంటు ధర ఒకటే, పెట్రోలు ధర ఒకటే. మారింది ముఖ్యంగా తిరిగే కిలోమీటర్లే. జవాబు ఒకటిన్నర ఏడాది నుంచి "ఎప్పటికీ రాదు" దాకా మారిపోయింది. 1902లో గనులకి ఎందుకు గిట్టింది, రెండు గంటల మిల్లుకి ఎందుకు గిట్టదు అన్నామో, సరిగ్గా అదే ఇది. ముందే డబ్బు పెట్టి కొన్నదాన్ని ఖాళీగా నిలబెడితే అది రోజూ డబ్బు తింటుంది.

మన రాష్ట్రంలో ఇంకో మెలిక

కర్ణాటకలో 2023 నుంచి గృహజ్యోతి ఉంది. ఇంటికి 200 యూనిట్ల దాకా, ఆ ఇంటి పాత సగటు వాడకాన్ని బట్టి, బిల్లు లేదు. 200 దాటితే మాత్రం మొత్తం బిల్లు కట్టాలి. మొదటి ఇంటి కారుకి నెలకి సుమారు 214 యూనిట్లు కావాలి. ఇంట్లో మామూలుగా వాడే 90 యూనిట్లకి ఇప్పటిదాకా సున్నా బిల్లు వస్తుంటే, కారు వచ్చిన నెల నుంచి దానికీ కట్టాలి. సుమారు 630 రూపాయలు. ఇది కూడా కారు ఖర్చే. షోరూమువాళ్ల కాగితంలో ఈ వరుస ఉండదు. దీన్ని కలిపినా మొదటి ఇంటికి లాభమే, మూడేండ్లు కాస్తా మూడేండ్ల నాలుగు నెలలు అవుతుంది. అయినా కారు కొనకముందే బెస్కాం సెక్షన్ ఆఫీసులో చార్జింగుకి వేరే మీటరు సంగతి అడిగి పెట్టుకోవడం మంచిది.

పన్నుల సంగతి కూడా చూడాలి. మన రాష్ట్రంలో కరెంటు కార్లకి చాలా ఏండ్లు రోడ్డు ట్యాక్సు పూర్తిగా మాఫీ. 2024లో 25 లక్షలు దాటిన వాటికి 10 శాతం వేసినారు. పెట్రోలు మీద వచ్చే పన్నుతో సర్కార్లు నడుస్తున్నాయి. జనం పెట్రోలు మానేస్తే ఆ పన్ను ఇంకో రూపంలో రాక మానదు. పది ఏండ్ల లెక్క వేసేటప్పుడు ఏ మాఫీ అయినా ఎల్లకాలం ఉంటుందని వేసుకోవద్దు.

ఇక తిరుపతి. మాలూరు నుంచి సుమారు 200 కిలోమీటర్లు. ఇప్పటి కార్లకి కష్టం కాదు. అయితే హోస్కోట నుంచి మన తాలూకా మీదుగా బేతమంగలం దాకా తెరిచిన కొత్త ఎక్స్‌ప్రెస్‌వే మీద 100 దాటించి పోతే యూనిట్‌కి 7 కిలోమీటర్లు రావు. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికే కరెంటు పోతుంది. దారిలో చార్జింగు కావాలి, దాని ధర ఇంటి ధరకి మూడింతలు. ఏడాదికి నాలుగుసార్లు పోయే దారి కోసం లెక్క తారుమారు కాదు. వారం వారం పోయేవాళ్లు మాత్రం వేరేగా వేసుకోవాలి.

తిరుమల ఘాట్ రోడ్డులో 2022 సెప్టెంబరు నుంచి ఏపీఎస్ఆర్టీసీ కరెంటు బస్సులు నడుస్తున్నాయి. కొండ ఎక్కేటప్పుడు బ్యాటరీ బాగా ఖర్చవుతుంది. దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి కొంత కరెంటును తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. డీజిలు బస్సు దిగేటప్పుడు ఒక్క చుక్క డీజిలు కూడా తయారు చేయలేదు. ఒకే దారి, రోజూ అవే ట్రిప్పులు, చార్జింగు తమ డిపోలోనే. కరెంటు బండికి ఇంతకన్నా తగిన పని లేదు. ఇది కూడా గనుల పంపు లాంటిదే, నిలవదు.

కడగా

మన ఇండ్లలో ఒక పద్ధతి ఉంది. పెద్ద వస్తువు కొనేటప్పుడు పక్కింటివాడు ఏం కొన్నాడో చూస్తాము. ఈ విషయంలో అది పనికిరాదు. పక్కింటివాడు రోజూ 60 కిలోమీటర్లు తిరుగుతాడేమో, మన కారు ఆదివారం మాత్రం బయటికి వస్తుందేమో. అతనికి మేలు చేసిన కారే మనకి భారం కావచ్చు. కంపెనీవాళ్లు కిలోమీటరుకి ఎంత అని మాత్రమే చెబుతారు. నెలకి ఎన్ని కిలోమీటర్లు అనేది మనమే చెప్పుకోవాలి.

కాబట్టి కొనేముందు మూడు నెలలు మీ పాత బండి మీటరు చూసి ఒక డైరీలో రాయండి. నెలకి 1,000 దాటితే, ఇంట్లో సొంత పార్కింగూ ప్లగ్గూ ఉంటే, కరెంటు కారు వైపు ధైర్యంగా చూడండి. 500 లోపల ఉంటే పెట్రోలు కారే చవక. ఉన్న కారు బాగా నడుస్తుంటే దాన్నే ఉంచుకోవడం అన్నిటికన్నా చవక. మధ్యలో ఉన్నవాళ్లు ధర తేడాను, వడ్డీని కలిపి ఇంకోసారి వేయండి. మాలూరు స్టేషనుకి దగ్గర్లో ఉండి, ఆఫీసు వైట్‌ఫీల్డ్ స్టేషనుకి దగ్గరైతే, నెలకి కొన్ని వందల రూపాయల రైలు పాసు ముందు రెండు కార్లూ ఓడిపోతాయి. 1894 నుంచి గనుల దాకా పోతున్న ఆ రైలు దారే ఇప్పటికీ మన జిల్లాలో చవకైన ప్రయాణం.

గనుల్లో పనిచేసిన మన పెద్దవాళ్ల దగ్గర పాత కరెంటు బిల్లులు, బొగ్గు బస్సుల కాలం కతలు, రేవా నడిపిన జ్ఞాపకాలు ఉంటే కుటుంబం గ్రూపులో పంపండి. ఫొటో తీసి పంపినా చాలు. కన్నడలో ఉన్నా, తమిళంలో ఉన్నా పరవాలేదు. వాటినన్నిటినీ ఇక్కడే ఒక చోట దాచి పెడదాం. ఎప్పుడు దేనికి ఎంత ఖర్చయిందో రాసి పెట్టుకున్న ఇల్లు, తరువాతి తరానికి మంచి లెక్క ఒకటి ఇచ్చినట్టే.